సాలిగ్రామంలో ఆదివారం ఆట: పాత సినిమాల ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి ఇంట్లో ఒక పాత తెలుగు సినిమా. టైటిల్స్ నుంచి శుభం కార్డు దాకా, మధ్యలో ఒకే ఒక్క ఇంటర్వెల్. ఇదీ పెట్టుకున్న పని. చూసేది నాన్న, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, నేను. నాన్నకి ఈ సినిమాలన్నీ కంఠతా వచ్చు. మా ఆవిడకి పాటలు వచ్చు, కథలు సగం సగం గుర్తు. అమ్మాయికి ఏదీ తెలియదు. చెన్నైలో పుట్టి పెరిగిన పిల్ల, తమిళం చదివినంత జోరుగా తెలుగు చదవలేదు. ఇంట్లో తెలుగే కాబట్టి వింటే మాత్రం అర్థమవుతుంది. అంతకంటే ఏం కావాలి?

మేముండేది సాలిగ్రామం. నాన్న చెప్పే సినిమాల్లో సగం ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే తీశారు. వడపళనిలో వాహిని ఫ్లోర్లు ఉన్న స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నది అందులోనే. దాని గురించి నిట్టూర్పులు విడిచే ఉద్దేశం నాకు లేదు, పార్కింగ్ బాగుంది.

నాన్నని కూర్చోబెట్టి పేర్లు చెప్పమంటే నోటుపుస్తకంలో రెండు పేజీలు నిండాయి. అది జాబితా కాదు, ఆయన యౌవనం. అందులోంచి ఏరుకోవాలి. ఇంటర్నెట్‌లో ‘చూసి తీరాల్సిన సినిమాలు’ అంటూ వచ్చే జాబితాలన్నీ తిప్పి తిప్పి అవే పదిహేను పేర్లు చెబుతాయి. ఒక్కటీ అసలు సంగతి చెప్పదు: చూడదగ్గ కాపీ ఎక్కడుంది?

జనవరి చివర

మొదట గీత ఎక్కడ గీయాలో తేల్చాం. నాన్న 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ నుంచి మొదలుపెట్టాలన్నారు. మన మొదటి టాకీ కాబట్టి న్యాయమే, కానీ ఆ సినిమా ఇప్పుడు చూడ్డానికి లేదు. అప్పటి ఫిల్ము నైట్రేట్. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. తగలబడనివి పాడైపోయాయి, పాడవనివాటిని వెండి కోసం కరిగించిన రోజులున్నాయి. 1950ల మొదట్లో నైట్రేట్ పోయి ఎసిటేట్ వచ్చింది. అది అంత తేలిగ్గా అంటుకోదు గానీ వేడికీ తేమకీ లోపల్లోపలే కుళ్లుతుంది, డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. చెన్నై ఉక్కలో ఏసీ లేని గోడౌన్‌లో పడున్న ప్రింటు గతి వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి 1951 నుంచి. ఆ ఏడాది ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ రెండూ ఉన్నాయి, ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. నాన్న ఒప్పుకున్నారు. 1945 నాటి ‘స్వర్గసీమ’ పక్కన మాత్రం పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఉంచారు.

ఫిబ్రవరి మొదటి వారం

చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో పని. సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ కావాలి. కొట్టువాడు కొత్త మోడల్ చూపించి “వైడ్ స్క్రీన్ సార్, ఫుల్ హెచ్‌డీ” అన్నాడు. నాకు కావాల్సింది ఆఫీసుల్లో పదిహేనేళ్ల కింద వాడిన పాత 4:3 ప్రొజెక్టర్, అంటే బొమ్మ వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు. వాడికి నవ్వొచ్చింది. ఆ సైజు ఇప్పుడు ఎవరూ అడగరట, కింద అరలోంచి దుమ్ము దులిపి తీశాడు.

కారణం ఉంది. బాగా వెడల్పాటి బొమ్మ తీసే సినిమాస్కోప్ పద్ధతి రాకముందు మన సినిమాల ఫ్రేము దాదాపు 1.37:1, అంటే వెడల్పు ఎత్తు కంటే మూడో వంతు ఎక్కువ, అంతే. వైడ్ స్క్రీన్ మీద వేస్తే అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, లేదా ఎవరో తెలివిగలవాడు బొమ్మని సాగదీసి ఎస్వీ రంగారావుని ఇంకో రెండడుగులు లావు చేస్తాడు. అంతకంటే ఘోరం ఇంకోటుంది: తెర నిండాలని పైనా కిందా కోసేసిన కాపీలు. తలకట్టు తెగిపోయిన రాజులు, పాదాలు లేని నాట్యాలు! పాత 4:3 ప్రొజెక్టర్‌కి ఈ గొడవే లేదు, బొమ్మ దాదాపు తెరంతా నిండుతుంది. నిలువుగా 768 గీతలే కదా అంటారేమో. డీవీడీలో ఉన్నవే 576.

ఇంకో సంగతి. డీఎల్‌పీ రకం వద్దనుకున్నాను, ఎల్‌సీడీ తీసుకున్నాను. ఒకే చిప్పు ఉండే డీఎల్‌పీలో రంగుల చక్రం తిరుగుతూ ఎరుపు, పచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది. నలుపు తెలుపు సినిమాలో చీకట్లో దీపం ఉన్న సీనులో కన్ను కదిపితే అంచుల్లో ఇంద్రధనుస్సు మెరుస్తుంది. అందరికీ కనిపించదు. మా ఆవిడకి కనిపిస్తుంది, కొట్టులోనే పట్టేసింది. కొనేముందు మెనూలో దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూసుకోవాలి. ఆ సంఖ్య చూపించనివ్వకపోతే దణ్ణం పెట్టి వచ్చేయడమే.

హాల్లో గోడకి తెల్ల డిస్టెంపర్, మెరుపు లేనిది. ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు గీసి, చుట్టూ రంగనాథన్ స్ట్రీట్‌లో కొన్న నల్లగుడ్డ అంటించాం. ఆ నల్ల అంచుతో బొమ్మకి వచ్చిన నిండుదనం ప్రొజెక్టర్ మార్చినా రాదు. వంకర సరిచేసే కీస్టోన్ బటన్ ముట్టుకోలేదు, అది బొమ్మని నలిపి సరిచేస్తుంది. స్టూలు కింద రెండు పాత పత్రికలు పెడితే వంకర పోయింది.

ఫిబ్రవరి రెండో వారం

కాపీల పరీక్ష. ప్రాజెక్టంతటిలో నాకు బాగా నచ్చిన పని ఇది. ఒక్కో సినిమాకి దొరికేవి రెండు మూడు: పాత డీవీడీ, యూట్యూబ్‌లో హక్కుదారులు పెట్టినది, ఏదో ఓటీటీలో ఉన్నది. వీటిలో ఏది పూర్తి సినిమా?

మొదటి సాక్షి సెన్సారు సర్టిఫికెట్. దాని మీద ఎన్ని రీళ్లు, ఎన్ని అడుగులు అని రాసి ఉంటుంది. మనం ఎప్పుడూ చదవం, కుర్చీ సర్దుకునే టైమది. 35 ఎం.ఎం. ఫిల్ముకి అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి. అంటే సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. 16,200 అడుగులని ఉంటే సినిమా సరిగ్గా మూడు గంటలు ఉండాలి. మీటర్లలో ఉంటే నిమిషానికి సుమారు 27.4. వీడియో నిడివి పక్కన పెట్టుకుని భాగహారం చేస్తే ఎంత కోశారో తేలిపోతుంది. అమ్మాయి లెక్కల నోటు వెనక పేజీలో ఇప్పుడు ఇవే లెక్కలు.

సర్టిఫికెట్టే కోసేసిన కాపీలూ ఉన్నాయి. వాటికి రెండో సాక్షి నాన్న ట్రంకు పెట్టెలో ఉంది: పాటల పుస్తకాలు. సినిమా హాలు బయట అమ్మేవారు, పల్చటి కాగితం, కథ సగం చెప్పి “మిగతా వెండితెరపై చూడండి” అని వదిలేసేవారు. పాటలూ పద్యాలూ మాత్రం వరసగా ఉంటాయి. చెదలు వదిలినవాటిని ముందు పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటూ పోయాం. కోతపడేది ఎప్పుడూ ఒకటే రకం: పద్యాలు, హాస్య జంట పాటలు, సన్నివేశం మొదట్లో ఎవరో తీరిగ్గా నడిచొచ్చే ముక్కలు. ఆ తీరికే ఈ సినిమాల ఊపిరి అని ఎడిటింగ్ చేసినవాడికి ఎవరు చెబుతారు?

మూడో సాక్షిని అమ్మాయి కనిపెట్టింది. తెర కుడి పైమూలలో చటుక్కున మెరిసి మాయమయ్యే చిన్న గుండ్రటి మచ్చ. అది రీలు అయిపోతోందని ఆపరేటర్‌కి గుర్తు. మొదటి మచ్చకి రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్లకి రెండో మచ్చ, అప్పుడు దాని మీదకి మారాలి. మచ్చలు కనిపించాయంటే ఆ కాపీ హాళ్లలో తిరిగిన ప్రింటు నుంచి వచ్చిందన్నమాట. రెండో మచ్చ తర్వాత మాట మధ్యలో తెగితే, రీలు చివర అరిగి ముక్కలు పోయాయని అర్థం. ఇప్పుడు మా ఇంట్లో మచ్చ కనబడగానే “మార్చు!” అని అరుపు.

ఫిబ్రవరి, ‘మల్లీశ్వరి’ వారం

డీవీడీ పెట్టి పాట వినిపిస్తే నాన్న మొహం చిట్లించి, “శ్రుతి ఎక్కిందిరా” అన్నారు. డెబ్బై అయిదేళ్ల చెవి కదా అని నేను పట్టించుకోనట్టే ఉన్నాను. ఆయన హార్మోనియం తెప్పించుకుని కూర్చున్నారు. అదే పాట ఫోన్లో ఆడియో పెడితే మెట్టు మీద సరిగ్గా కూర్చుంది. డీవీడీలోది రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉంది. ఏ మెట్టు నొక్కినా కలవదు.

విషయం ఇది. మన దగ్గర టీవీ, డీవీడీ పద్ధతి ‘పాల్’, సెకనుకి 25 ఫ్రేములు. సినిమా 24. ఆ ఒక్క ఫ్రేము తేడా కోసం సినిమాని కాస్త జోరుగా నడిపేసి ఎక్కిస్తారు. నాలుగు శాతం వేగం పెరుగుతుంది, మూడు గంటల సినిమా 172 నిమిషాల 48 సెకన్లలో అయిపోతుంది, శ్రుతి ఒక మెట్టులో దాదాపు ముప్పావు వంతు పైకెక్కుతుంది. భానుమతి గొంతు కాస్త పల్చనైతే మనం పోల్చుకోలేకపోవచ్చు. చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న మనిషికి తెలిసిపోతుంది.

మందు సులువే. వీఎల్‌సీలో వేగం 0.96 పెట్టాలి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ వేగం తగ్గించినా శ్రుతి మారకుండా తనే సర్దేస్తుంది. సెట్టింగుల్లో ఆడియో కింద ఉన్న ఆ టైమ్ స్ట్రెచింగ్ టిక్కు తీసేయాలి. తీసి పెడితే పాట మెట్టు మీద వచ్చి వాలింది. నాన్న హార్మోనియం మూసేశారు. మెచ్చుకోలు అంటే ఆయన దగ్గర అదే.

దీంతో పై లెక్కకి ఒక సవరణ: నిడివి సర్టిఫికెట్ లెక్కలో సరిగ్గా 96 శాతం వస్తే కోత కాదు, వేగం. ఇంకా తక్కువుంటేనే కత్తెర.

సినిమా సంగతి కూడా రాయాలి. 1951లో బి.ఎన్. రెడ్డి తీసినది, దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి మొదటిసారి రాసినది, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. అమ్మాయికి మొదటి గంట నెమ్మదిగా అనిపించింది, దాచలేదు. బావామరదళ్లు వానలో చిక్కుకున్న దగ్గర్నుంచి కదల్లేదు. మా ఆవిడ మాత్రం ఎన్టీ రామారావు ఇంత సన్నగా ఉండేవారా అనే దగ్గరే కాసేపు ఆగిపోయింది.

ఫిబ్రవరి చివర, ‘మిస్సమ్మ’

కొత్తవాళ్లకి మొదటి సినిమా ఏది పెట్టాలని నన్నడిగితే ఇదే చెబుతాను. ‘మాయాబజార్’ చెప్పను. ‘మాయాబజార్’ చూడాలంటే బలరాముడెవరో, శశిరేఖ ఎవరి కూతురో ముందే తెలిసుంటే రుచి రెట్టింపు. ‘మిస్సమ్మ’కి ఏమీ తెలియక్కర్లేదు. ఉద్యోగాల్లేని ఇద్దరు, జీతం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధం. ఇప్పటి పిల్లకి కూడా రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. దీన్ని రెండో ఆటగా వేశాం, మొదట వేయాల్సింది ఇదేనని నాన్నకి ఇప్పటికీ ఒప్పుదల లేదు.

ఎదురు ఫ్లాట్ మామి కూడా వచ్చారు. చెన్నైలో ఉన్నందుకు లాభం ఇక్కడ కనిపించింది. సినిమా తీసిన విజయా సంస్థ వాళ్లు అదే 1955లో అదే కథని తమిళంలో ‘మిస్సియమ్మ’గా కూడా తీశారు. సావిత్రి, జమున, రంగారావు రెండింట్లోనూ ఉన్నారు. రామారావు పాత్ర జెమినీ గణేశన్‌కి, నాగేశ్వరరావు చేసిన డిటెక్టివ్ పాత్ర తంగవేలుకి వెళ్లింది. సినిమా అయ్యాక బృందావనం పాట గోడ మీద తెలుగులో, లాప్‌టాప్‌లో తమిళంలో వేశాం. బాణీ ఒకటే, పాడినవాళ్లూ వాళ్లే: ఏ.ఎం. రాజా, సుశీల. తెలుగులో డిటెక్టివ్ కాస్త హీరోలా నడుస్తాడు, తమిళంలో పూర్తిగా కమెడియన్. దాంతో జమున పాత్ర బరువే మారిపోయింది. మామి తంగవేలు పక్షం, నాన్న నాగేశ్వరరావు పక్షం. తొమ్మిదిన్నర దాకా తెగలేదు, కాఫీ రెండుసార్లు కలపాల్సి వచ్చింది.

అమ్మాయి తమిళం వెర్షన్ మొత్తం ఒక్కతే చూసేసింది తర్వాత. తెలుగు డైలాగు గుర్తుపెట్టుకుని తమిళంలో ఏమన్నారా అని వెతుక్కుంటోంది. ఈ జంట సినిమాల వరస వేరే పేజీలో రాసి పెట్టాను: ‘పెళ్లి చేసి చూడు’కి ‘కల్యాణం పణ్ణి పార్’, ‘గుండమ్మ కథ’కి ‘మనిదన్ మారవిల్లై’, ‘దేవదాసు’కి తమిళ దేవదాస్. చెన్నై తెలుగు ఇళ్లలో ఇలా చూడకపోతే ఇంకెవరు చూస్తారు?

మార్చి

అమ్మాయికి పరీక్షలు. ఆటలు బంద్. ఖాళీ ఆదివారాల్లో సౌండ్ పని.

పాత సినిమా శబ్దం మోనో. సౌండ్‌బార్‌లో ‘సరౌండ్’ ఆపేయాలి, లేకపోతే ఘంటసాల బాత్రూంలోంచి పాడినట్టుంటుంది. రెండు స్పీకర్లకి బదులు ఒక్కటే, తెర కింద మధ్యలో పెట్టాం. మాట మనిషి నోట్లోంచి వస్తోంది. ట్రెబుల్ తగ్గించాం. ఆ కాలపు ఆప్టికల్ ట్రాకులో, అంటే ఫిల్ము అంచున శబ్దాన్ని ముద్రించిన పట్టీలో, 8,000 హెర్ట్జ్ పైన ఉండేది చాలావరకు గరగరే. బొమ్మకి కూడా ఒక చిట్కా: నలుపు తెలుపు సినిమాలకి రంగు సున్నా చేసేయాలి. చాలా కాపీల్లో పచ్చగానో ఊదాగానో ఛాయ ఉంటుంది, అది పోతుంది. టీవీలో చూసేవాళ్లయితే కదలికని నున్నగా చేసే సెట్టింగు ఆపి, ‘వివిడ్’ వదిలి ‘సినిమా’ మోడ్ పెట్టుకోవాలి.

ఏప్రిల్, ‘మాయాబజార్’

ఇంట్లో ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. 1957 నాటి నలుపు తెలుపా, 2010లో హైదరాబాద్ సంస్థ రంగులద్ది విడుదల చేసిన కాపీనా? రంగుల దాని బొమ్మ శుభ్రంగా ఉంది, గీతలు లేవు, శబ్దం కూడా బాగు చేశారు. మా ఆవిడ దానికే ఓటేసింది, దాని నిడివి తక్కువన్నది నా అభ్యంతరం. నాన్న అసలు చర్చకే ఒప్పుకోలేదు.

పరీక్షకి పడవ పాట ఎంచుకున్నాం. ఆ వెన్నెల ఆకాశంలోది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే తన కెమెరా పనితనంతో చేసినది. ఆయన దగ్గరున్నవి తెలుపు నుంచి నలుపు దాకా మెట్లు మాత్రమే. నీళ్ల మీద తళుకు, మొహం మీద మెత్తటి వెలుగు, వెనక చెట్లు దాదాపు నలుపు. అన్నీ ఆ మెట్ల లెక్కలోనే వేసుకున్నాడు. రంగుల కాపీలో ఆకాశం నీలం అయ్యేసరికి అది రాత్రా సాయంత్రమా అని సందేహం వస్తుంది. అమ్మాయి తీర్పు: “దాంట్లో అందరి బుగ్గలూ ఒకే రంగు.” మా ఆవిడ ఓటు మార్చుకోలేదు, కానీ నలుపు తెలుపు చూడ్డానికి ఒప్పుకుంది. రెండూ చూడొచ్చు, చూసే వరస ముఖ్యం: రంగుది ముందు చూస్తే ఆ నీలం బుర్రలోంచి పోదు.

సావిత్రి మీద ఒక మాట. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడకని ఆరడుగుల గోడ మీద చూడాలి. భుజాలు ముందు కదులుతాయి, తర్వాత కాళ్లు. వెంటనే ఎవరో వచ్చారు, ఒక్క క్షణంలో మళ్లీ పెళ్లికూతురు. టీవీలో ఎన్నోసార్లు చూశాను గానీ ఆ భుజాలని ఇప్పుడే చూశాను. ఆ సీను రెండుసార్లు వేయించుకున్నది మామి.

మే, సెలవులు

పొడుగు సినిమాల నెల. ‘లవకుశ’ మూడున్నర గంటలు, 1963లో మొట్టమొదటి పూర్తి రంగుల తెలుగు సినిమా. ‘దానవీరశూర కర్ణ’ నాలుగు గంటలకి దగ్గర, మర్నాడు బడి ఉంటే కుదరదు. ఇవి రెండూ ఐదున్నరకి కాదు, నాలుగింటికి.

‘కన్యాశుల్కం’ (1955) కూడా ఈ నెలే పెట్టాం, ఒక షరతుతో. సినిమాకి ముందు వారమంతా రాత్రిళ్లు నాన్న గురజాడ నాటకం చదవాలి. 1892లో మొదట ఆడిన నాటకం, ఇప్పటికీ గిరీశం నోరు విప్పితే అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. నాటకం చదివాక సినిమా కాస్త చప్పగా ఉంటుందని నా అనుమానం. సావిత్రి మధురవాణి కోసం ఆ చప్పదనం భరిస్తాను.

మిగిలిన సమస్య సినిమాస్కోప్. తెలుగులో అది 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో వచ్చింది, కృష్ణ నూరో సినిమా. మా 4:3 గోడ మీద అది సన్నటి పట్టీ అవుతుంది. అలాంటివి టీవీకి పంపేద్దామనుకుని టేపు పెట్టి కొలిచాను. ఆరడుగుల వెడల్పుకి పట్టీ ఎత్తు ముప్పై అంగుళాలు వస్తోంది. మా 43 అంగుళాల టీవీలో అదే బొమ్మ పదహారు అంగుళాల ఎత్తే. కాబట్టి గోడ మీదే. నల్లగుడ్డ ఇంకో రెండు మీటర్లు కొని, పైనా కిందా దించి కట్టుకునేలా కుట్టించాలి. దర్జీకి కొలతలు ఇచ్చొచ్చాను, గురువారం ఇస్తానన్నాడు. ఈ ఆదివారం చెపాక్‌లో మ్యాచ్, ఇంట్లో మెజారిటీ అటే.